గుండెకు పెట్-ఎంఆర్ఐ: రెండు స్కాన్లు కలిస్తే ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

గుండె డాక్టర్ చీటీ మీద "పెట్ స్కాన్" అని రాయగానే ఇంట్లో వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మన తిరుపతి, చిత్తూరు వైపు పెట్ అంటే క్యాన్సర్ స్కాన్ అనే పేరు పడిపోయింది. ఎక్కువగా వాడేది దానికే కాబట్టి ఆ భయం ఎందుకొస్తుందో అర్థం చేసుకోవచ్చు. కానీ గుండె కోసం కూడా ఈ స్కాన్ ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. ఇప్పుడు దానికి ఎంఆర్ఐ తోడై, ఒకే మిషన్‌లో రెండూ ఒకేసారి తీసే పద్ధతి గురించి అక్కడా ఇక్కడా విని, "ఇది తీయిస్తే గుండెలో ఉన్నదంతా బయటపడుతుందంట, యాంజియో కూడా అక్కర్లేదంట" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అది నిజం కాదు. అలాగని ఇది ఉత్త ఆర్భాటమూ కాదు. గుండె జబ్బుల్లో చాలావాటికి దీని అవసరమే రాదు, కొన్నిట్లో మాత్రం వేరే ఏ పరీక్షా తేల్చలేని ప్రశ్నకు ఇది జవాబిస్తుంది. ఆ ప్రశ్న ఏమిటో తెలియాలంటే ముందు రెండు స్కాన్లూ విడివిడిగా ఏం చూస్తాయో తెలియాలి.

ఎంఆర్ఐకి కనిపించేది గుండె రూపం, కదలిక, మచ్చ

ఎంఆర్ఐలో ఎక్స్-రే లేదు. మన ఒంట్లో నీరు, కొవ్వు ఎక్కడ చూసినా ఉంటాయి, వాటిలో హైడ్రోజన్ ఉంటుంది. మనిషిని బలమైన అయస్కాంతంలో పడుకోబెట్టి రేడియో తరంగాలతో ఆ హైడ్రోజన్‌ను కదిలిస్తే, అది మళ్లీ సర్దుకునేటప్పుడు సన్నని సిగ్నల్ వదులుతుంది. సర్దుకోవడానికి పట్టే సమయం కండరంలో ఒక రకంగా, కొవ్వులో ఒక రకంగా, వాపు వచ్చి నీరు చేరిన కండరంలో ఇంకో రకంగా ఉంటుంది. ఆ తేడాలతోనే బొమ్మ తయారవుతుంది. అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. ఆస్పత్రుల్లో మామూలుగా వాడేవి 1.5 టెస్లా, 3 టెస్లా మిషన్లు. 3 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 60 వేల రెట్లు.

గుండె విషయంలో ఎంఆర్ఐకి ఉన్న అసలు బలం గాడోలినియం అనే మందుతో వస్తుంది. దాన్ని చేతి నరంలోకి ఎక్కించి పది, పదిహేను నిమిషాలు ఆగుతారు. ఆరోగ్యంగా ఉన్న కండరం నుంచి ఆ మందు ఈలోపు చాలావరకు బయటికి వెళ్లిపోతుంది, మచ్చపడిన చోట మాత్రం నిలిచిపోయి తెల్లగా మెరుస్తుంది. రిపోర్టులో "లేట్ గాడోలినియం ఎన్‌హాన్స్‌మెంట్" అని రాసేది దీన్నే. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల వివరం వరకు కనిపిస్తుంది కాబట్టి మచ్చ గోడ లోపలివైపు ఉందా, మధ్యలో ఉందా, బయటివైపు ఉందా అని కూడా చెప్పగలరు. గుండెపోటు వల్ల పడే మచ్చ ఎప్పుడూ లోపలి పొర నుంచి మొదలై బయటికి పాకుతుంది. మధ్యలోనో బయటివైపో ఉంటే కారణం రక్తనాళాల్లో బ్లాక్ కాకుండా ఇంకేదో అయి ఉంటుందని డాక్టర్లకు అనుమానం వస్తుంది.

ఎంఆర్ఐ తడబడే చోటు కూడా ఇక్కడే ఉంది. తెల్లగా మెరిసిన చోట ఉన్నది ఎప్పుడో మానిపోయిన పాత మచ్చా, ఈ రోజు కూడా రగులుతున్న వాపా అనేది ఆ ఒక్క బొమ్మతో ప్రతిసారీ తేలదు. వాపును కొలిచే వేరే పద్ధతులు ఎంఆర్ఐలోనే ఉన్నాయి, అవి సాయం చేస్తాయి, కానీ సందేహం పూర్తిగా పోదు.

పెట్‌కు కనిపించేది కణం చేస్తున్న పని

పెట్‌లో బయటి నుంచి కిరణాలు పంపరు. రేడియోధార్మికత ఉన్న మందును కొద్దిగా ఒంట్లోకి ఎక్కిస్తారు. ఎక్కువగా వాడేది ఎఫ్‌డీజీ, గ్లూకోజ్‌ను పోలిన పదార్థానికి ఫ్లోరిన్-18 తగిలించి చేసింది. కణం దాన్ని చక్కెర అనుకుని లోపలికి తీసుకుంటుంది, కానీ పూర్తిగా వాడుకోలేదు, దాంతో అది అక్కడే ఇరుక్కుపోతుంది. ఫ్లోరిన్ నుంచి వెలువడే పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌లాంటిదే, కానీ పాజిటివ్ చార్జ్ ఉన్న కణం) పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌ను తాకి రెండూ మాయమై, సరిగ్గా ఎదురెదురు దిశల్లో రెండు గామా కిరణాలు పోతాయి. చుట్టూ ఉన్న డిటెక్టర్ల వలయం ఆ రెండూ ఒకే క్షణంలో ఎక్కడెక్కడ తగిలాయో పట్టుకుంటుంది. అలాంటి లక్షల జంటలు పోగైతే, చక్కెర ఎక్కడ ఎక్కువ పోగుపడిందో మ్యాప్ వస్తుంది.

రెంటికీ తేడా మన చిత్తూరు మామిడి తోటతో చెప్పుకోవచ్చు. తోటను పైనుంచి ఫొటో తీస్తే ఏ చెట్టు నిలబడి ఉంది, ఏది విరిగింది, ఎక్కడ ఖాళీ పడింది అన్నీ స్పష్టంగా తెలుస్తాయి. కానీ ఆకు రాల్చి నిలబడిన చెట్టు చచ్చిపోయిందా, వానల్లేక ఊరుకుందా అనేది ఫొటో చెప్పదు. దాని వేరు నీళ్లు తాగుతోందో లేదో చూడాలి. ఎంఆర్ఐ ఆ ఫొటో, పెట్ ఆ నీళ్ల పరీక్ష.

పెట్ మందులకు ఆయుష్షు తక్కువ. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. మందు చెన్నైలో తయారై రోడ్డు మీద మూడు గంటలకు తిరుపతి చేరిందనుకుందాం. ఇక్కడ పేషెంటుకు 10 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే లెక్క) కావాలంటే అక్కడ బయలుదేరేటప్పుడు సుమారు 31 మిల్లీక్యూరీలు ఉండాలి. అదైనా నయం. గుండె రక్తప్రసరణను కొలవడానికి వాడే నైట్రోజన్-13 అమ్మోనియా పది నిమిషాలకే సగమవుతుంది. అదే మూడు గంటల ప్రయాణంలో 18 సార్లు సగమై, చివరికి రెండున్నర లక్షల వంతుల్లో ఒక వంతు కూడా మిగలదు. అందుకే అది కావాలంటే సైక్లోట్రాన్, అంటే ఈ మందులను తయారుచేసే మిషన్, ఆ ఆస్పత్రి ఆవరణలోనే ఉండాలి. రుబీడియం-82 అయితే 75 సెకన్లకే సగం, దాన్ని స్కానర్ పక్కనే ఉండే జనరేటర్ (కరెంటుది కాదు, రుబీడియంను అక్కడికక్కడే పుట్టించే పెట్టె) నుంచి నేరుగా పేషెంటుకు ఎక్కిస్తారు.

ఒకే సొరంగంలో రెండూ పెట్టడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది

పెట్‌ను సీటీతో కలపడం ముందే అయిపోయింది. 1998లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో మొదటి నమూనా పని మొదలుపెట్టింది, 2001 నాటికి మార్కెట్లోకి వచ్చేసింది. ఎంఆర్ఐతో కలపడం అంత సులువు కాలేదు. పాత పెట్ డిటెక్టర్లలో గామా కిరణం పుట్టించే మెరుపును పెద్దది చేయడానికి ఫొటోమల్టిప్లయర్ ట్యూబులు వాడేవాళ్లు, వాటిలో ఎలక్ట్రాన్లు ఖాళీ గొట్టంలో ప్రయాణించాలి. టెస్లాల అయస్కాంతం పక్కన ఆ ఎలక్ట్రాన్లు దారి తప్పిపోతాయి. ట్యూబుల బదులు అయస్కాంతాన్ని పట్టించుకోని సెమీకండక్టర్ డిటెక్టర్లు వచ్చాకే దారి పడింది. సీమెన్స్ 2010లో బయోగ్రాఫ్ ఎంఎంఆర్ అనే మిషన్ తెచ్చింది, 2011లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. తర్వాత 2014లో జీఈ సిగ్నా వచ్చింది.

రెండో చిక్కు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. గుండె నుంచి బయలుదేరిన గామా కిరణాల్లో కొన్ని దారిలోనే ఎముకలో, కండరంలో ఆగిపోతాయి. ఎన్ని ఆగిపోయాయో లెక్కగట్టి సరిచేయాలి, లేకపోతే లోతుగా ఉన్న చోట మందు తక్కువ చేరినట్టు తప్పుడు బొమ్మ వస్తుంది. సీటీ అయితే శరీరం సాంద్రతను నేరుగా కొలుస్తుంది కాబట్టి లెక్క తేలిక. ఎంఆర్ఐ చూసేది హైడ్రోజన్‌ను. దానికి గట్టి ఎముకా నల్లగానే కనిపిస్తుంది, గాలీ నల్లగానే కనిపిస్తుంది. అందుకని కొవ్వు, నీరు, ఊపిరితిత్తి, గాలి అని భాగాలు విడదీసి, ఒక్కోదానికి ఒక అంచనా సంఖ్య ఇచ్చి లెక్క కడతారు. బైపాస్ అయినవాళ్లకు రొమ్ము ఎముకను కట్టిన స్టీలు తీగలుంటాయి. అవి ఎంఆర్ఐలో చుట్టూ నల్లని మరక వేస్తాయి, ఆ మరకను మిషన్ గాలి అనుకుంటే గుండె ముందు భాగం లెక్క తప్పుతుంది. అనుభవం ఉన్న డాక్టర్ సరిచేసిన బొమ్మతో పాటు సరిచేయని బొమ్మను కూడా తెరిచి చూసేది అందుకే.

దీనికి బదులుగా దొరికే లాభం పెద్దది. పెట్ బొమ్మ పోగవడానికి పదిహేను నిమిషాలు పట్టిందంటే ఆలోపు గుండె వెయ్యి సార్లకు పైగా కొట్టుకుంటుంది, ఊపిరితో పాటు పైకీ కిందికీ జరుగుతుంది. సెంటీమీటరు మందం కూడా సరిగ్గా లేని గోడ కదా, ఈ కదలికలో అలుక్కుపోతుంది. పక్కనే ఎంఆర్ఐ అదే సమయంలో కదలికను గమనిస్తూ ఉంటే, ఆ కదలికను పెట్ లెక్కలోంచి తీసేయొచ్చు. వేరే రోజు తీసిన ఎంఆర్ఐతో ఇది కుదరదు.

ముందు రోజు సంగటి తిన్నారా అన్న ప్రశ్న ఎందుకంత ముఖ్యం

నన్నడిగితే ఈ మొత్తం విషయంలో ఎక్కువ మంది పట్టించుకోనిదీ, ఎక్కువ స్కాన్లు పాడయ్యేదీ ఇక్కడే. మెదడు చక్కెర మీద నడుస్తుంది, కానీ గుండె కండరం దొరికింది వాడుకుంటుంది. కడుపు ఖాళీగా ఉంటే కొవ్వును కాల్చుకుంటుంది, అన్నం తిన్నాక ఇన్సులిన్ పెరిగితే చక్కెరకు మారుతుంది. వాపు ఉన్న చోట చేరే రక్షణ కణాలకు ఈ మార్పు లేదు, అవి ఎప్పుడూ చక్కెరనే లాక్కుంటాయి.

కాబట్టి వాపు కోసం వెతికేటప్పుడు గుండె కండరాన్ని చక్కెర నుంచి పూర్తిగా తప్పించాలి, అప్పుడు మెరిసేది వాపు ఒక్కటే. దానికి వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో ముందు రోజు కనీసం రెండు పూటలు కొవ్వు 35 గ్రాముల పైన, పిండిపదార్థం 3 గ్రాముల లోపు ఉండే భోజనం పెట్టి, తర్వాత రాత్రంతా ఉపవాసం ఉంచుతారు. మూడు గ్రాములంటే ఎంత తక్కువో మన వంటింట్లో చూస్తే తెలుస్తుంది. ఒక్క ఇడ్లీ దాన్ని దాటేస్తుంది. వంద మిల్లీలీటర్ల పాలలోనే సుమారు 5 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి చక్కెర వేయని కాఫీ కూడా దాటేస్తుంది. రాగి సంగటి, అన్నం, పప్పు సంగతి చెప్పనక్కర్లేదు. నాటుకోడి తినొచ్చు కానీ చింతపండు పోసిన పులుసు కుదరదు. నూనెలో వేయించిన గుడ్లు, మాంసం, చేప, నెయ్యి సరిపోతాయి. శాకాహారులకు ఇది నిజంగా కష్టం, పనీరు, నెయ్యి, వెన్న చుట్టూనే తిరగాలి. పొద్దున్నే ఎవరో కొండ నుంచి తెచ్చారని చిన్న లడ్డూ ముక్క నోట్లో వేసుకున్నా గుండె చక్కెరకు మారిపోవచ్చు. అప్పుడు కండరం మొత్తం మెరిసి, వాపు ఉందో లేదో చెప్పలేక స్కాన్ మళ్లీ చేయాల్సి వస్తుంది. ముందు రోజు అలిపిరి నుంచి నడిచి కొండెక్కడం లాంటి శ్రమ కూడా వద్దంటారు, అలసిన కాళ్ల కండరాలు మందును తమవైపు లాక్కుంటాయని.

అదే ఎఫ్‌డీజీతో, పాత గుండెపోటు తర్వాత కండరం బతికుందా అని చూసేటప్పుడు అంతా తలకిందులు. అక్కడ గుండె చక్కెర తాగాలి, అందుకని గ్లూకోజ్ ఇచ్చి, షుగర్ ఉన్నవాళ్లకు ఇన్సులిన్ కూడా ఇచ్చి స్కాన్ చేస్తారు. పక్క బెడ్ పేషెంటుకు గ్లూకోజ్ నీళ్లిచ్చి మనల్ని పస్తుంచారని గొడవపడేవాళ్లకు ఇదే కారణం. మందు ఒకటే, ప్రశ్న వేరు.

ఒక ఉదాహరణ: కారణం తెలియని హార్ట్ బ్లాక్

పుత్తూరులో 42 ఏళ్ల ఒకావిడకు కళ్లు తిరిగి పడిపోవడం మొదలైందనుకుందాం. ఈసీజీలో పూర్తి హార్ట్ బ్లాక్, అంటే రక్తనాళంలో అడ్డంకి కాదు, గుండె పై గదుల నుంచి విద్యుత్ సంకేతం కింది గదులకు చేరకపోవడం. యాంజియోలో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఈ వయసులో ఇలా జరిగితే డాక్టర్లు ఆలోచించే వాటిలో సార్కాయిడోసిస్ ఒకటి. ఊపిరితిత్తుల్లో, లింఫ్ గ్రంథుల్లో, కొందరికి గుండెలో కూడా చిన్న చిన్న వాపు ముద్దలు కట్టే జబ్బు అది.

పెట్-ఎంఆర్ఐలో నాలుగు రకాల ఫలితాలు రావచ్చు. ఎంఆర్ఐలో మచ్చ కనిపించి, సరిగ్గా అదే చోట పెట్ కూడా మెరిస్తే జబ్బు ఇప్పుడు చురుగ్గా ఉందని అర్థం, స్టెరాయిడ్ల లాంటి వాపు తగ్గించే మందులు పనిచేసే అవకాశం ఉన్న దశ ఇదే. మచ్చ ఉండి పెట్ చల్లగా ఉంటే, అంటే మెరవకపోతే, మంట ఆరిపోయింది, మచ్చ మిగిలింది. స్టెరాయిడ్లు మచ్చను చెరపవు, కానీ మచ్చ వల్ల ప్రమాదకరమైన గుండె దడ రావచ్చు కాబట్టి ఆలోచన ఆ వైపు వెళ్తుంది. రెండూ మామూలుగా ఉంటే జబ్బు గుండెలో ఉండే అవకాశం బాగా తగ్గుతుంది. చిక్కంతా నాలుగోది. పెట్ మెరుస్తుంది, అక్కడ మచ్చ లేదు. అది మచ్చ ఇంకా పడని తొలిదశ కావచ్చు, ముందు రోజు భోజనం సరిగ్గా కుదరక గుండె పక్క గోడ ఊరికే చక్కెర తాగి ఉండొచ్చు. ఒక్క పెట్ మాత్రమే తీసి ఉంటే దాన్ని జబ్బుగా రాసేసే ప్రమాదం ఉంది. ఎంఆర్ఐ పక్కన ఉండటం వల్లే అనుమానించే వీలు కలుగుతుంది.

మన దేశంలో ఇంకో ముడి ఉంది. టీబీ కూడా ఛాతీలోని గ్రంథుల్లో, అరుదుగా గుండెలో కూడా ఇలాగే మెరుస్తుంది. పెట్‌కైనా ఎంఆర్ఐకైనా ఆ రెండిటినీ కచ్చితంగా విడదీసే శక్తి లేదు. సార్కాయిడోసిస్‌కు స్టెరాయిడ్లు ఇస్తారు, టీబీని గుర్తించకుండా టీబీ మందులు లేకుండా అవే స్టెరాయిడ్లు ఇస్తే జబ్బు చెలరేగవచ్చు. అందుకే ఏ గ్రంథి బాగా మెరుస్తోందో పెట్‌లో చూసి, అక్కడి నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఎక్కడ సూది గుచ్చాలో చూపించడం కూడా ఈ స్కాన్ చేసే మేలే.

ఆవిడ విషయంలో వరుస కూడా ముఖ్యం. హార్ట్ బ్లాక్ అంటే పేస్‌మేకర్ తప్పదు, ప్రాణం మీదికి వస్తే ఆగలేరు. కానీ పేస్‌మేకర్ పెట్టాక ఎంఆర్ఐ కష్టమవుతుంది. ఎంఆర్ఐకి తగినట్టు చేసిన పేస్‌మేకర్లు ఇప్పుడున్నాయి, అయినా ఎడమ ఛాతీలో ఉన్న లోహపు పెట్టె గుండె బొమ్మను కొంత పాడుచేస్తుంది.

ఇంకో ఉదాహరణ: పాత గుండెపోటు, బలహీనపడిన గుండె

పలమనేరులో 60 ఏళ్ల పెద్దాయన. రెండేళ్ల కింద గుండెపోటు వచ్చింది, ఇప్పుడు ఎకోలో పంపింగ్ 30 శాతం, మూడు నాళాల్లో బ్లాకులు. ముందు గోడ కదలడం లేదు. అది చచ్చిపోయిందా, రక్తం చాలక నిద్రలో ఉందా? బతికున్న కండరమైతే బైపాస్‌తో కోలుకోవచ్చని ఆశ.

ఎంఆర్ఐ దీన్ని మచ్చ లోతుతో చెబుతుంది. గోడ మందం 8 మిల్లీమీటర్లలో మచ్చ 2 మిల్లీమీటర్లు ఉంటే 25 శాతం, 7 ఉంటే దాదాపు 88 శాతం. 2000లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనంలో 50 మందిని ఆపరేషన్‌కు లేదా యాంజియోప్లాస్టీకి ముందూ తర్వాతా చూశారు. సరిగ్గా కదలని భాగాల్లో మచ్చ అసలు లేనివి 78 శాతం మెరుగయ్యాయి, మచ్చ 75 శాతం దాటిన 58 భాగాల్లో ఒక్కటే మెరుగైంది. మధ్యలో, అంటే సగం మచ్చ సగం కండరం ఉన్నచోట, ఎంఆర్ఐ ఊగిసలాడుతుంది. మిగిలిన ఆ సగం చక్కెర తాగుతోందో లేదో పెట్ అక్కడ చెప్పగలదు.

ఇక్కడివరకు బాగానే ఉంది, వాదన ఆ తర్వాత మొదలవుతుంది. బతికున్న కండరం కనిపించినవాళ్లకు బైపాస్ ఎక్కువ మేలు చేస్తుందా? 2011లో స్టిచ్ అనే పెద్ద పరిశోధనలో 601 మందిని ఇలా చూస్తే, కండరం బతికుందన్న పరీక్ష ఫలితాన్ని బట్టి ఎవరికి ఆపరేషన్ మేలో చెప్పలేకపోయారు. 2022లో బ్రిటన్‌లో జరిగిన రివైవ్డ్ పరిశోధనలో బతికున్న కండరం ఉందని తేలిన 700 మందిని తీసుకున్నారు, స్టెంట్లు వేసినా మరణాలు, హార్ట్ ఫెయిల్యూర్ అడ్మిషన్లు తగ్గలేదు. ఈ పరీక్షల మీద ఇంత ఖర్చు ఎందుకని అడిగేవాళ్లు ఈ రెండూ చూపిస్తారు. అవతలివాళ్ల జవాబు కూడా బలమైనదే. స్టిచ్‌లో ఈ ప్రశ్నకు వాడింది పెట్టూ కాదు, ఎంఆర్ఐ కూడా కాదు, అంతకన్నా పాత పరీక్షలు. రివైవ్డ్‌లో చేసింది బైపాస్ కాదు, స్టెంట్లు. పైగా పెట్-ఎంఆర్ఐ కలిపి తీసి దాని ప్రకారం వైద్యం చేస్తే ఆయుష్షు పెరుగుతుందా అనే ప్రశ్నకు ఇంత పెద్ద పరిశోధన ఏదీ జవాబు ఇవ్వలేదు. నా దృష్టిలో ఈ రెండో ఉదాహరణలో పెట్-ఎంఆర్ఐ పక్షం కొంచెం బలహీనం, సార్కాయిడోసిస్‌లో బలం.

ఒకే మిషన్ కావాలా, విడివిడిగా చాలదా

ఒకే మిషన్ కావాలనేవాళ్లు చెప్పేది మూడు సంగతుల చుట్టూ తిరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకే క్షణానివి కాబట్టి మిల్లీమీటర్ల లెక్కలో ఒకదాని మీద ఒకటి సరిపోతాయి, కఠినమైన భోజన నియమం ఒక్కసారే పాటిస్తే చాలు, సీటీ రేడియేషన్ తప్పుతుంది. చివరిదాన్ని నేను అంతగా ఒప్పుకోను. 10 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీతో ఒంటికి తగిలే రేడియేషన్ డోసు సుమారు 7 మిల్లీసీవర్టులు, ప్రకృతి నుంచి ఏడాదికి మనిషికి సగటున వచ్చేది 2.4. ఆగిపోయిన గామా కిరణాల లెక్క సరిచేయడానికి గుండె వరకే తీసే సీటీ దీనికి కలిపేది చాలా తక్కువ. కాబట్టి గుండెకు మాత్రమే అయితే తగ్గేది కొంచెమే. ఒళ్లంతా చూసే పూర్తి స్థాయి సీటీ తప్పినప్పుడు, అదీ వయసులో చిన్నవాళ్లకు పదే పదే చేయాల్సినప్పుడు, తేడా నిజంగా పెద్దది.

వద్దనేవాళ్లు ఖర్చు చూపిస్తారు, కోట్ల మిషన్, రెండు రకాల నిపుణులు ఒక చోట కావాలి. గంట, అంతకన్నా ఎక్కువసేపు 60 సెంటీమీటర్ల సొరంగంలో కదలకుండా పడుకుని, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి, ఆయాసం ఉన్న గుండె పేషెంటుకు అది చిన్న విషయం కాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు గాడోలినియం ఇవ్వడానికి ఆలోచిస్తారు. పైగా సీటీకి రక్తనాళాల్లోని బ్లాకులు, సున్నం చూపించే సత్తా ఉంది, ఎంఆర్ఐ ఆ పనిలో వెనకబడే ఉంది. యాంజియో అక్కర్లేదన్న మాట తప్పు అనడానికి కారణం ఇదే.

తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది, పెట్-సీటీ చేస్తారు. చిత్తూరు నుంచి దగ్గర కాబట్టి చాలామంది వేలూరు సీఎంసీకి వెళ్తారు, అక్కడా పెట్-సీటీ ఉంది. మన ప్రాంతంలో ఎక్కువ మందికి జరిగేది ఇదే, పెట్-సీటీ ఒక రోజు, గుండె ఎంఆర్ఐ ఇంకో రోజు, తర్వాత రెండు రిపోర్టులూ ఒకే డాక్టర్ ముందు. సార్కాయిడోసిస్‌లో కూడా ఇది చాలావరకు సరిపోతుంది, రెండు తేదీల మధ్య ఏమీ మారకపోతే. మారితే మాత్రం లెక్క తప్పుతుంది. పుత్తూరు ఆవిడకు మొదటి వారం ఎంఆర్ఐలో మచ్చ కనిపించి, ఆత్రంగా స్టెరాయిడ్లు మొదలుపెట్టి, ఐదో వారంలో పెట్ చేశారనుకోండి. మందుతో వాపు తగ్గి పెట్ చల్లగా వస్తుంది. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు అది ఎప్పుడో ఆరిపోయిన జబ్బులా కనిపిస్తుంది, నిజానికి నెల కిందట అది మంచి ఊపులో ఉంది. అందుకే గుండె వాపు రిపోర్టుల్లో స్కాన్ తేదీ పక్కన, పేషెంటు అప్పటికి స్టెరాయిడ్ మీద ఉన్నారా, ఎన్ని రోజులుగా వాడుతున్నారు, ముందు రోజు ఏం తిన్నారు అన్నవి కూడా రాస్తారు.